లివర్‌మష్ మీద నిలబడ్డ కారు

కారు రేసులు జరిగే హిక్స్ గ్రోవ్ స్పీడ్‌వేలో విలేకరుల గది అంటే తినుబండారాల కొట్టు నెత్తిన కట్టిన రేకుల డబ్బా. దానికి ఒకటే నియమం: లోపల ఎవరూ చప్పట్లు కొట్టకూడదు. బయట జిల్లా జిల్లా అంతా గొంతు చించుకుంటున్నా, విలేకరి మాత్రం చావింటికి పరామర్శకు వచ్చిన పెద్దమనిషిలా కూర్చోవాలి. జిల్లా పేపరు విలేకరి వెర్లన్ సెట్జర్‌కి ఈ నియమమంటే ప్రాణం. ట్రాక్ మీద తిరిగే నలభై ఒకటో నంబరు కారు నడిపేది అతని బావమరిది లమార్. దాన్ని కట్టింది లమార్ తండ్రి, వెర్లన్ మామ హోయ్ట్ లింగర్‌ఫెల్ట్. లమార్ గెలిచినా చప్పట్లు కొట్టనక్కర్లేని చోటు వెర్లన్‌కి ఈ భూమ్మీద ఆ డబ్బా ఒక్కటే.

ఆ అక్టోబరు శనివారం మధ్యాహ్నం ఛాంపియన్‌షిప్ తేల్చే ఆఖరి రేసు నడుస్తోంది. సగం దాకా లమార్ కారు బురదలో దిగబడ్డ ఎద్దులా ఈడ్చుకుంటూ తిరిగింది. తర్వాత ఏం పూనిందో, మలుపుల్లో నేలను కావలించుకుని తిరగడం మొదలుపెట్టింది. ముందున్న ముగ్గురినీ ఒక్కొక్కరిగా దాటేసింది. సరిగ్గా అప్పుడే మూడో మలుపు వైపు నుంచి గాలి వీచి, కిటికీలోంచి ఒక వాసన వచ్చింది. లివర్‌మష్ వేగుతున్న వాసన.

పంది కాలేయం, మొక్కజొన్న పిండి కలిపి ఉడికించి ఇటుకలా అచ్చుపోసే ఆ పదార్థం లేనిదే ఆ జిల్లాలో ఎవరికీ తెల్లవారదు. వేయించి బన్నులో పెట్టి కింది కొట్లో కూడా అమ్ముతారు. అందుకే ఆ వాసనకి ఎవరూ ముక్కు ఎగరెయ్యలేదు. కానీ కొట్లో సరుకు ఎప్పుడో అయిపోయింది. వెర్లన్ స్వయంగా కిందికి వెళ్ళి, ఉత్త చేతులతో, కడుపు మాడ్చుకుని తిరిగొచ్చాడు. ఆకలిగా ఉన్నవాడి ముక్కు అబద్ధం చెప్పదు. ఆ వాసన కొట్టు నుంచి రావడం లేదు. ట్రాక్ మీద నుంచి వస్తోంది.

లమార్ గెలిచాడు. ఛాంపియన్ అయ్యాడు.

గెలిచినవాడికి జరిగే తంతు పెళ్ళితంతు కన్నా పెద్దది. కారు దిగగానే లమార్ నెత్తిన ప్రూయెట్ లివర్‌మష్ వారి టోపీ పెట్టారు. ఫోటో. అది తీసి టైర్ల కొట్టు టోపీ. ఫోటో. అది తీసి గొట్టాల కంపెనీ టోపీ. డబ్బిచ్చిన ప్రతివాడి టోపీకీ ఒక ఫోటో. ప్రతి టోపీకీ భార్య పక్కన నిలబడి కొత్తగా మురిసిపోవాలి. చివరికి మైకు నోటి ముందు పెట్టారు.

"ముందుగా పైనున్న దేవుడికి, ఆ తర్వాత ప్రూయెట్ లివర్‌మష్ వారికి, టైర్లిచ్చిన అన్నకి, గొట్టాలిచ్చిన బాబాయికి, మా ఆవిడకి... ఆఁ, రంగు వేసిన తమ్ముడికి, అందరికీ దండాలు!"

రంగు వేసినవాడి తర్వాతైనా తండ్రి పేరు వస్తుందని అక్కడున్న నలుగురూ చూశారు. రాలేదు. హోయ్ట్ పక్కన నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. అవి ఎప్పుడో శుభ్రమయ్యాయి, ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

వెర్లన్ ఇదంతా రాసుకోవలసినవాడు. కానీ అతని చూపు కారు ముందు చక్రం దగ్గర ఆగిపోయింది. ట్రాక్ కాపలావాడి ముసలి కుక్క ఆ చక్రం లోపలి వైపు తల దూర్చి, కళ్ళు మూసుకుని, భక్తిగా నాకుతోంది. ఇనుము మీద గోధుమరంగు చారలు. వెర్లన్ వంగి ఒక చార వేలితో తీసి వాసన చూశాడు.

అతనికి లెక్క తేలిపోయింది. రేసుకి ముందు తనిఖీ అధికారి గార్లండ్ సైప్ ఒక చెక్క దిమ్మను ప్రతి కారు కిందికీ తోస్తాడు. అది తగలకుండా దూరితేనే కారు నిబంధన ప్రకారం ఎత్తుగా ఉన్నట్టు. కారు ఎంత కిందికి కూర్చుంటే మలుపులో అంత పట్టు. గడ్డకట్టించిన లివర్‌మష్ పలకను ముందు స్ప్రింగుల కింద పెడితే కారు ఒక అంగుళం లేచి నిలబడుతుంది. దిమ్మ హాయిగా దూరుతుంది. సగం రేసయ్యేసరికి బ్రేకుల వేడికి పలక మెత్తబడి, పిండై, బయటికి జారిపోతుంది. కారు నేలకి అతుక్కుంటుంది. రేసయ్యాక ఎత్తు ఎవరూ కొలవరు. స్ప్రింగులు అలిసిపోతాయని గార్లండే జాలిపడి ఆ నియమం తీసేశాడు.

వెర్లన్ వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. పదిహేనేళ్ళుగా అతను ఆ ఇంటి అల్లుడు. పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లో అతని పేరు "పేపరాయన". వాళ్ళ మాటల మధ్యకి అతను వస్తే మాట వాతావరణం మీదికి మళ్ళేది. ఇప్పుడు ఆ ఇంటి గుట్టు అతని వేలి మీద ఉంది. గుండె వేగంగా కొట్టుకుంది. అది విలేకరి గుండె అనుకున్నాడు.

*

మర్నాడు చర్చి అయ్యాక అత్తగారింట్లో భోజనం. వేయించిన కోడి, చిక్కుళ్ళు, మెత్తటి రొట్టెల్లాంటి బిస్కెట్లు, వాటి మీదికి గ్రేవీ. హోయ్ట్ తల వంచి ప్రార్థన చేశాడు. పొద్దున ప్రసంగంలో పాదిరీగారు పాపుల గురించి చెప్పినంత సేపూ పాత స్ప్రింగు ఒకటి జేబులో పెట్టుకుని తడుముతూ కూర్చున్న మనిషి, ఇక్కడ కళ్ళు గట్టిగా మూసుకుని, "ఈ అన్నానికీ, నిన్నటి మూడో మలుపుకీ నీకు కృతజ్ఞతలు తండ్రీ" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. వెర్లన్ కూడా అన్నాడు, అర క్షణం ఆలస్యంగా.

"బావా," అన్నాడు లమార్ కోడికాలు ఊపుతూ, "ఈసారి నా ఫోటో పెద్దది వెయ్యి. కిందటిసారి పందుల ప్రదర్శన పక్కన వేశారు. మా అత్తగారు ఫోన్ చేసి, మొదటి బహుమతి నీకా, ఆ నల్ల పందికా అనడిగింది."

"ఏమన్నావు?" అంది లమార్ అక్క, వెర్లన్ భార్య నదీన్.

"ఇద్దరికీ అన్నాను."

"దానికైనా తెలుసు దేనివల్ల గెలిచిందో," అంది నదీన్. "తిండివల్ల."

బల్ల చుట్టూ నవ్వులు. హోయ్ట్ నవ్వలేదు, గ్రేవీ గిన్నె వంక చూశాడు. వెర్లన్ చేతిలో బిస్కెట్ పళ్ళెంలో పెట్టేశాడు. వీళ్ళందరికీ తెలుసు. అతనికి తప్ప అందరికీ ముందే తెలుసు, ఇప్పుడు అతనికీ తెలుసని మాత్రం వాళ్ళకి తెలియదు.

"తినవేం నాయనా?" అంది అత్తగారు ఓలా మే. "పేపరు వాళ్ళకి కడుపులు ఉండవా?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఆ సామెత అతనికి తెలుసు. రాస్తే ఛాంపియన్‌షిప్ పోతుంది. ఈ బల్ల దగ్గర తన కుర్చీ పోతుంది. నదీన్ ముఖం ఎలా మారుతుందో అతను ఊహించలేదు, ఊహించడానికి ధైర్యం చాలలేదు. రాయకపోతే పదిహేనేళ్ళుగా చప్పట్లు కొట్టకుండా కాపాడుకున్న చేతులు రెండూ దండగ.

ఇంటికి తిరిగి వస్తూ కారులో అడిగాడు. "నేను మీ ఇంటి గురించి ఏదైనా రాస్తే... నిజమే అయితే..."

నదీన్ కిటికీలోంచి చూస్తూ అంది. "నిజమైతే రాయి. నిన్నెవరు పట్టుకున్నారు?"

"మీ నాన్న?"

"నాన్న ఎప్పుడైనా ఎవర్నైనా ఏమన్నా అన్నాడా? అనడు. అదే కదా ఆయనతో బాధ."

ఆ సాయంత్రం అతను ఆఫీసుకి వెళ్ళి రాశాడు. వాసన, కుక్క, చారలు, దిమ్మ, అంగుళం. వాక్యాలు ఒకదాని వెనక ఒకటి తేలిగ్గా వచ్చాయి. తనలో ఒక కఠినమైన, నిర్మలమైన మనిషి కూర్చుని టైపు కొడుతున్నట్టు అనిపించింది. ఆ మనిషిని అతను చాలా కాలంగా కలవాలనుకున్నాడు. ఒక్కచోట మాత్రం వేళ్ళు ఆగాయి. ఇదంతా ఎవరి పని?

కారు మీద ఏ బొమ్మ ఎక్కడ అతికించారో లమార్‌కి తెలుసు. కారు కింద ఏముంటుందో అతనికి ఏనాడూ పట్టలేదు. ఈ సంగతి వెర్లన్‌కి తెలుసు. హోయ్ట్ బూడిదరంగు కళ్ళు గుర్తొచ్చాయి. వెంటనే లమార్ కోడికాలు గుర్తొచ్చింది. "ఈ కుయుక్తి పన్నినది డ్రైవరు లమార్ లింగర్‌ఫెల్ట్" అని వేళ్ళు కొట్టేశాయి. నిబంధనల ప్రకారం కారుకి డ్రైవరే బాధ్యుడు కదా అని ఒక సమాధానం వెంటనే వచ్చి నిలబడింది. మరీ అంత వెంటనే వచ్చిన సమాధానాన్ని అనుమానించాలని అతను ఎక్కడో చదివాడు. కాగితం లాగి సంపాదకుడి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

*

సోమవారం పేపరు వచ్చింది. వెర్లన్ ఉతికిన చొక్కా వేసుకుని, గడ్డం నున్నగా గీసుకుని, శిలువ మోయడానికి సిద్ధపడి ఆఫీసుకి వెళ్ళాడు. శిలువ ఎవరూ తేలేదు.

మొదట గార్లండ్ సైప్ వచ్చాడు, దిమ్మ చంకలో పెట్టుకుని. "ఏమయ్యా వెర్లన్! నీకు నేనేం అపకారం చేశాను?"

"మోసం జరిగింది గార్లండ్. నీ కళ్ళ ముందే."

"మోసమా? నిబంధనల పుస్తకం తియ్యి. ఇనుము పెట్టకూడదని ఉంది. చెక్క పెట్టకూడదని ఉంది. రబ్బరు, రాయి, సీసం, అన్నీ ఉన్నాయి. తిండి అన్న మాట ఎక్కడైనా ఉందా? లేనిది మోసం ఎలా అవుతుంది? ఇప్పుడు నీ పుణ్యమా అని నేను కూర్చుని తిండి మీద నిబంధన రాయాలి. ఏదని రాయను? మాంసమని రాస్తే జున్ను పెడతారు. జున్నని రాస్తే రొట్టె పెడతారు. వీళ్ళు మనుషులు కారు!" చివరి మాటలో కోపం కన్నా ఆరాధన ఎక్కువగా వినిపించింది.

ట్రాక్ యజమాని ఛాంపియన్‌షిప్ లమార్‌దేనని ప్రకటించాడు. ఇలాంటి గొడవ మళ్ళీ ఎప్పుడు జరుగుతుందా అని వచ్చే ఏడాది జనం విరగబడతారని అతని ధీమా. మధ్యాహ్నానికి ప్రూయెట్ వారు పూర్తి పేజీ ప్రకటన పంపించారు: "ఛాంపియన్‌ని నిలబెట్టిన లివర్‌మష్! మీ పిల్లల్ని నిలబెట్టదా?" సంపాదకుడు వెర్లన్ భుజం తట్టి, ఇలాంటివి నెలకొకటి రాయమన్నాడు.

ఆఖరికి లమార్ వచ్చాడు. వెర్లన్ లేచి నిలబడ్డాడు. దెబ్బ తగిలితే కళ్ళద్దాలు పగలకుండా తీసి జేబులో పెట్టుకున్నాడు. లమార్ అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు.

"బావా! కుయుక్తి పన్నినది అని రాశావు చూడు, మా ఆవిడ కత్తిరించి గోడకి అంటించింది. నాకు బుర్ర ఉందని అచ్చులో పడటం ఇదే మొదటిసారి. కుయుక్తి అంటే మంచిదేగా?"

"మంచిదే," అన్నాడు వెర్లన్ నీరసంగా.

అతనికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. తను ఇన్నాళ్ళూ భయపడిన శిక్ష నిజానికి తను కోరుకున్న శిక్ష అని అప్పుడు అనుమానం కలిగింది. వాళ్ళు గెంటేస్తే బయట నిలబడటానికి ఒక పేరుండేది. ఇప్పుడు గెంటేవాడు లేడు, రమ్మనేవాడు లేడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి నదీన్ గడపలోనే నిలబడి ఉంది. ఆ ముఖం చూడగానే అతనికి ఊపిరి ఆడింది. ఒక్కరైనా తనని ద్వేషిస్తున్నారు.

"అమ్మ ఫోన్ చేసింది. పొద్దున పేపరు చదివిన దగ్గర్నుంచి నాన్న తిండి ముట్టలేదు. షెడ్డులోకి కూడా వెళ్ళలేదు. వరండాలో కూర్చుని రోడ్డు వంక చూస్తున్నాడట."

"నాకు తెలుసు నదీన్. కానీ మోసాన్ని మోసమనక..."

"మోసం సంగతి ఎవడడిగాడు?" ఆమె గొంతు లేచింది. "లమార్ చేశాడని రాస్తావా? లమార్! వాడికి బూట్ల తాడు ముడెయ్యడం పెళ్ళయ్యాక పెళ్ళాం నేర్పింది. నాన్న ఆ పలకల కోసం వేసవంతా కష్టపడ్డాడు. ఎంత మందం, ఎంత చల్లదనం, ఏ మలుపు దగ్గర మెత్తబడాలి... అమ్మ ఫ్రిజ్‌లో చోటు లేక పాలు బయట పెట్టుకుంది, తెలుసా నీకు?"

"నిబంధనల ప్రకారం డ్రైవరే బాధ్యు..."

"నా దగ్గరా? నీకు తెలుసు అది నాన్న పనని. తెలిసి రాశావు. ఆ పేపరంతా నిజం రాసి, ఉన్న ఒక్క అబద్ధమూ తెచ్చి మా నాన్న నెత్తిన పెట్టావు."

వెర్లన్‌కి తనలో కూర్చుని టైపు కొట్టిన ఆ నిర్మలమైన మనిషి ఎవరో ఇప్పుడు స్పష్టంగా కనిపించాడు. లమార్ అంటే అసూయ. ముసలాయనంటే భయం. తను ఎవరిని చూసి అసూయపడ్డాడో వాడి మీద రాయి విసిరాడు, ఎవరికి భయపడ్డాడో ఆయన పేరు దాచాడు. మిగిలినదంతా నిజమే. నిజం ఆ రెంటికీ దుప్పటిలా బాగా పనికొచ్చింది. జిల్లా మొత్తం ఆ దుప్పటిని మెచ్చుకుంది. కింద ఏముందో ఈ కుటుంబానికి మాత్రం మొదటి చూపులోనే తెలిసింది. ఏ కారు కింద ఏం దాచారో కనిపెట్టడమే వాళ్ళ వంశవృత్తి.

*

బుధవారం హోయ్ట్ లింగర్‌ఫెల్ట్ ఆఫీసుకి వచ్చాడు. చర్చికి వేసుకునే కోటు వేసుకుని, టోపీ చేత పట్టుకుని, గుమ్మంలో కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చాడు. వెర్లన్ కుర్చీ చూపించాడు. ముసలాయన కూర్చోలేదు.

"తప్పు పడింది, అల్లుడూ. దిద్దాలి."

"దిద్దుతాను మామయ్యా."

"ముప్పై ఏళ్ళు కార్లు కట్టాను. పేపర్లో నా పేరు రెండుసార్లు వచ్చింది. ఒకటి మీ అత్తయ్యతో పెళ్ళప్పుడు. రెండోది కుక్క తప్పిపోయినప్పుడు." ఆయన టోపీ అంచు తిప్పాడు. "కుక్క పేరు సరిగ్గానే వేశారు."

వెర్లన్ టైపు యంత్రంలో కాగితం ఎక్కించి, కొట్టినది పైకి చదివాడు. "సోమవారం సంచికలో లమార్ చేసినట్టు రాసిన మోసం నిజానికి హోయ్ట్ లింగర్‌ఫెల్ట్ చేసినది. పొరపాటుకు చింతిస్తున్నాం."

"మోసం అక్కర్లేదు. పని అనెయ్యి."

"పని అంటే నిజం కాదు మామయ్యా."

ముసలాయన కాగితం మీదికి వంగి చూశాడు. "అయితే మోసమనే ఉంచు. కానీ పేరు పక్కనే ఉండాలి. దూరంగా వేస్తే మళ్ళీ లమార్‌దనుకుంటారు."

"ఒక మాట చెప్పాలి," అన్నాడు వెర్లన్. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "అది పొరపాటు కాదు. మీ పనని నాకు తెలుసు. మీ పేరు రాయడానికి భయమేసింది."

హోయ్ట్ అతని వైపు తిరిగాడు. ఆ బూడిదరంగు కళ్ళలో కోపం లేదు, క్షమాపణ కూడా లేదు. సరిపోని బోల్టును చూసినట్టు చూశాడు. పారెయ్యాలా, కొంచెం అరగదీస్తే సరిపోతుందా అని.

"కుక్క నాకుతుంటే చూసి పట్టేశావట."

"వాసన ముందు. కుక్క తర్వాత."

"మ్." ముసలాయన వెళ్ళి తలుపు మూసి వచ్చాడు. అప్పుడు కూర్చున్నాడు. "గార్లండ్ కొత్త నిబంధన రాశాడు. స్ప్రింగు కింద తినదగిన పదార్థమేదీ ఉండరాదు. తినదగిన."

వెర్లన్‌కి రాబోయేది అర్థమైంది. ఈ ఇంట్లో అల్లుడి చెవిలో ఒక రహస్యం వెయ్యడమంటే నోటికి తాళం వెయ్యడమే. విన్నాక ఇక రాయలేడు. "నాకు చెప్పకండి మామయ్యా, నేను పేపరాయన్ని" అనాలి. ఆ మాటలు సిద్ధంగా ఉన్నాయి, వరుసగా, అచ్చుకి పంపినట్టు. అవి బయటికి రాలేదు. వాటి బదులు ఒంట్లో ఒక వెచ్చదనం పాకింది. అది సంతోషమని గుర్తుపట్టడానికి అతనికి కొంత సమయం పట్టింది. ఇంత చవగ్గా దొరుకుతానని తన గురించి తను ఎన్నడూ అనుకోలేదు.

"మైనం," అన్నాడు హోయ్ట్ గొంతు తగ్గించి. "మైనం ఎవడూ తినడు. వాసన రాదు. కుక్క ముట్టదు. పలకలా పోసి పెడితే వేడికి నీళ్ళలా జారిపోతుంది. ఎవడూ కనిపెట్టలేడు."

కిటికీ బయట ఎవరిదో లారీ గేరు మార్చుకుంటూ పోయింది. వెర్లన్ సగం కొట్టిన సవరణ వంక చూశాడు. ముందు చక్రం, చల్లారుతున్న ఇనుము, దాని మీద చారలు కళ్ళ ముందు మెదిలాయి. పదిహేనేళ్ళు చూడటమే పనిగా బతికిన కళ్ళు వాటంతట అవే వంగి చూశాయి.

"చల్లారాక తెల్లగా గడ్డకడుతుంది మామయ్యా," అన్నాడు. "గార్లండ్‌కి దూరం నుంచే కనిపిస్తుంది. కరిగించేటప్పుడు నల్ల బూటు పాలిష్ కలపండి."

హోయ్ట్ లింగర్‌ఫెల్ట్ కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"ఎంత కలపాలంటావు?" అన్నాడు.